కొటేషన్ కాగితాన్ని కిందినుంచి చదవండి: ఎండదేశంలో డెస్క్‌టాప్ విడిభాగాల ఎంపిక

సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంప్యూటరు కొన్నవారికి కొటేషన్ కాగితం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. షాపతను ఒక చిన్న కాగితం తీసుకుని గబగబా రాసిచ్చేవాడు. మొదటి వరసలో ప్రాసెసర్, ఆ తర్వాత మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, మానిటర్, కీబోర్డు, మౌస్. అట్టడుగున ‘కేబినెట్ విత్ ఎస్ఎంపీఎస్’ అని ఒక వరస. బేరమంతా పై వరసల మీదే జరిగేది. చివరి వరస గురించి అడిగేవాళ్ళు తక్కువ. డబ్బు సరిపోకపోతే ముందుగా కోత పడేది కూడా దాని మీదే.

ఈ అలవాటును మనవాళ్ళు చాలామంది గల్ఫ్‌కి కూడా వెంట తెచ్చుకున్నారు. నేనుండేది బహ్రెయిన్‌లో, ముహర్రఖ్ ద్వీపం మీదున్న బుసైతీన్‌లో. వంతెన దాటితే మనామా, కంప్యూటర్ షాపులు అక్కడే. “పిల్లాడికి కంప్యూటర్ కొనాలి, ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు?” అని ఇక్కడి తెలుగు మిత్రులు తరచూ అడుగుతుంటారు. దానికి నా సమాధానం ఎప్పుడూ ఎదురు ప్రశ్నే: “దాన్ని ఏ గదిలో పెడతారు? మీరు లేనప్పుడు ఆ గదిలో ఏసీ ఉంటుందా?”

ఈ ప్రశ్నకు కారణం ఉంది. ఇక్కడ జులై, ఆగస్టుల్లో పగటి వేడి 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. చుట్టూ సముద్రం కాబట్టి గాలిలో తేమ, ఉప్పు. వేసవిలో ‘షమాల్’ అనే వాయవ్యపు గాలి వీచిందంటే కిటికీలు మూసి ఉన్నా బల్లమీద సన్నటి దుమ్ము పేరుకుంటుంది. ఈ మూడింటినీ భరించాల్సింది ఆ కాగితంలోని చివరి వరసే. కాబట్టి ఈ వ్యాసంలో కొటేషన్‌ను తలకిందులు చేసి, కిందినుంచి పైకి చదువుదాం. గుంటూరులోనో, రామగుండంలోనో ఉన్నవారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. మన ఎండలు మాత్రం తక్కువా!

ముందు పని, తర్వాత పరికరం

కొనేముందు ఆ కంప్యూటర్‌తో చేసే పనులను కాగితం మీద రాసుకోండి. సాధారణంగా ఇవి మూడు రకాలుగా ఉంటాయి.

మొదటిది చదువు, ఇంటి పనులు: ఆన్‌లైన్ పాఠాలు, బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్, సినిమాలు. ఇండియన్ స్కూల్ బహ్రెయిన్ వంటి సీబీఎస్ఈ బడుల్లో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సులో నేర్పే పైథాన్ కూడా ఇందులోకే వస్తుంది. ఆ ప్రోగ్రాములకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

రెండోది ఉద్యోగ సంబంధమైన పని: పెద్ద ప్రోగ్రాములు రాయడం, డేటాబేస్‌లు, ఒకే యంత్రంలో రెండు మూడు వర్చువల్ మెషీన్లు నడపడం. దీనికి ర్యామ్, ప్రాసెసర్ కోర్లు ముఖ్యం.

మూడోది ఆటలు, వీడియో ఎడిటింగ్, త్రీడీ పని. దీనికి గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం.

మొదటి రకం పనికి మూడో రకం యంత్రాన్ని కొనడమే మనవాళ్ళకు ఎక్కువగా ఖర్చు తెచ్చిపెట్టే విషయం. ఇక్కడి ప్రతి దీనారూ ఇంటికి పంపే డబ్బులోంచి తీసిందే. పైగా బహ్రెయిన్‌లో 2019 జనవరిలో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2022 జనవరి నుంచి 10 శాతమైంది. 300 దీనార్ల సరుకు మీద 30 దీనార్లు పన్ను. అవసరం లేని భాగం కొంటే దానికి పన్ను కూడా కడుతున్నామన్నమాట.

ఎస్ఎంపీఎస్: ఇక్కడ పిసినారితనం పనికిరాదు

గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును, లోపలి భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చేది ఎస్ఎంపీఎస్. మిగతా భాగాలన్నీ దీనికి కట్టి ఉంటాయి. ప్రాసెసర్ చెడిపోతే ప్రాసెసరే పోతుంది. నాసిరకం ఎస్ఎంపీఎస్ చెడిపోతే, పోతూపోతూ మదర్‌బోర్డునీ ఇతర భాగాలనీ వెంట తీసుకుపోవచ్చు.

ఇక వేడి సంగతి. ఎస్ఎంపీఎస్‌లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది క్రమంగా ఆరిపోతుంది. ఇంజనీర్లు వాడే స్థూలమైన లెక్క ఒకటుంది: వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. ఇప్పుడు రెండు కెపాసిటర్లు తీసుకుందాం. ఒకటి 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు, మరొకటి 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేసేలా చేసినవి. రెండూ 65 డిగ్రీల వేడిలో ఉన్నాయనుకుందాం.

85 డిగ్రీలది: తేడా 20 డిగ్రీలు, అంటే రెండుసార్లు రెట్టింపు. 2000 × 4 = 8000 గంటలు.
105 డిగ్రీలది: తేడా 40 డిగ్రీలు, అంటే నాలుగుసార్లు రెట్టింపు. 2000 × 16 = 32000 గంటలు.

రోజుకు 8 గంటలు వాడితే మొదటిది 1000 రోజులు, అంటే మూడేళ్ళు కూడా నిండవు. రెండోది 4000 రోజులు, దాదాపు పదకొండేళ్ళు. బయటికి రెండు పెట్టెలూ ఒకేలా ఉంటాయి, వాటి ధరలో తేడా మాత్రం కొద్దిపాటిదే. అందుకే ‘105 డిగ్రీల కెపాసిటర్లు’ అని కంపెనీ రాసిందా లేదా చూడండి. వారంటీ ఎన్నేళ్ళో చూడండి. మంచి ఎస్ఎంపీఎస్‌లకు అయిదు నుంచి పదేళ్ళు ఇస్తారు. ఏడాది మాత్రమే ఇస్తున్నారంటే తయారుచేసినవాడికే దానిమీద నమ్మకం లేదని అర్థం.

రెండో పరీక్ష వాట్లు. పెట్టెమీద పెద్దక్షరాలతో రాసిన అంకెను నమ్మకండి. పక్కనున్న లేబుల్ మీద ‘+12 వోల్ట్’ గడి కింద ఎన్ని ఆంపియర్లో చూసి, దాన్ని 12తో గుణించండి. ఈనాటి కంప్యూటర్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే నడుస్తాయి కాబట్టి అసలు బలం అదే. పైన ‘600’ అని రాసి, లోపల 12 వోల్టుల దగ్గర 22 ఆంపియర్లు ఉంటే 22 × 12 = 264 వాట్లు. నిజమైన 550 వాట్ల యూనిట్ మీద 45 ఆంపియర్ల దాకా కనిపిస్తుంది, అంటే 540 వాట్లు. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేని పరీక్ష ఇది.

మూడోది ‘80 ప్లస్’ గుర్తు. ఇది 2004లో మొదలైన సామర్థ్యపు ముద్ర. లోపలి భాగాలకు 300 వాట్లు కావాలనుకోండి. 80 శాతం సామర్థ్యం ఉన్న యూనిట్ గోడనుంచి 375 వాట్లు లాగుతుంది. మిగిలిన 75 వాట్లు వేడిగా మారి మీ గదిలోకే వస్తాయి, దాన్ని మళ్ళీ మీ ఏసీయే బయటికి తోయాలి. 90 శాతం ఉన్న యూనిట్ 333 వాట్లే తీసుకుంటుంది, వృథా 33 వాట్లు. బ్రాంజ్ కంటే తక్కువకు దిగవద్దు, వీలైతే గోల్డ్ తీసుకోండి.

ఎన్ని వాట్లు కావాలి? గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి మంచి కంపెనీ 450 వాట్ల యూనిట్ ధారాళంగా సరిపోతుంది. మధ్యతరహా కార్డు ఉంటే 550 నుంచి 650. అంతకు మించిన కార్డులకు, ఆ కార్డు తయారీదారు చెప్పిన అంకెను పాటించండి.

కేబినెట్: గాలి ఎటునుంచి ఎటు?

ముందువైపు మొత్తం గాజు పలక, లోపల రంగురంగుల దీపాలు ఉన్న కేబినెట్లు షాపులో చూడముచ్చటగా ఉంటాయి. కానీ గాజు గుండా గాలి పోదు. ముందువైపు జల్లెడలాంటి మెష్, దాని వెనక విడదీసి కడుక్కోగలిగే దుమ్ము ఫిల్టర్ ఉన్న కేబినెట్ తీసుకోండి.

ఫ్యాన్ల విషయంలో ఒక చిన్న కిటుకు. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు, బయటికి తోసే ఫ్యాన్లకంటే ఎక్కువ ఉండాలి. ముందు రెండు, వెనక ఒకటి చాలు. అప్పుడు కేబినెట్ లోపల పీడనం కాస్త ఎక్కువగా ఉండి, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము ఫిల్టర్ గుండా తప్ప వేరే దారిలో సులభంగా రాలేదు. దీనికి తిరగేసి అమరిస్తే ప్రతి సందూ ఒక వాక్యూమ్ క్లీనరే! ఫిల్టర్‌ను నెలకోసారి, షమాల్ వీచినప్పుడు మరోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. బాల్కనీ తలుపు పక్కన వద్దు. ఆగస్టులో ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టడం ఇక్కడ అందరికీ అనుభవమే. ఆపి ఉంచిన చల్లటి కంప్యూటర్ మీదికి బయటి తేమగాలి కొడితే లోపలి లోహం మీద అదే జరుగుతుంది. ఆ నీటికి ఉప్పు తోడైతే తుప్పు. నేరుగా ఏసీ కిందా పెట్టవద్దు, నీళ్ళు కారే ప్రమాదం ఉంది. నేలమీద కాకుండా ఒక అడుగు ఎత్తున పెడితే దుమ్ము బాగా తగ్గుతుంది.

ప్రాసెసర్, దాని కూలర్

ఇప్పుడు మొదటి వరసకు వద్దాం. ప్రాసెసర్ పేరులో చివరి అక్షరం చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఇంటెల్‌లోనూ, ఏఎమ్‌డీలోనూ చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం. విడిగా కార్డు కొనకపోతే తెరమీద బొమ్మే రాదు. ఏఎమ్‌డీలో ‘జీ’ ఉంటే లోపలి గ్రాఫిక్స్ బలమైనవి. ‘ఎక్స్3డీ’ అంటే అదనపు క్యాష్ ఉన్న, ఆటలకు ఉద్దేశించిన రకం. ఇంటెల్‌లో ‘కే’ అంటే వేగం పెంచుకునే వీలున్నది. అది వేడి కూడా పెంచుతుంది కాబట్టి మనకు పెద్దగా అవసరం లేదు.

చదువుకూ ఇంటికీ అయితే లోపలే గ్రాఫిక్స్ ఉన్న, 65 వాట్ల తరగతి, ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. రైజెన్ 5 8600జీ ఇందుకు మంచి ఉదాహరణ. ఉద్యోగ పనికి ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ కోర్లు చూడండి.

కూలర్ ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో చూద్దాం. కూలర్ పని ప్రాసెసర్‌ను ‘చల్లబరచడం’ కాదు, గది గాలికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడాను తగ్గించడం. పూర్తి పనిలో ఈ తేడా 60 డిగ్రీలు ఉండే మామూలు కూలర్ ఉందనుకోండి. ఏసీ గది 24 డిగ్రీలైతే ప్రాసెసర్ 84. ఏసీ ఆపేసిన గది 38 డిగ్రీలైతే 98. చాలా ప్రాసెసర్లకు హద్దు సుమారు 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే డబ్బుపోసి కొన్న వేగం మనకు అందదు. తేడాను 45 డిగ్రీలకు తగ్గించే టవర్ కూలర్ పెడితే అదే గదిలో 83 దగ్గర ఆగుతుంది. రెండో మెట్టు ప్రాసెసర్, మంచి కూలర్ కలిస్తే ఇక్కడ పై మెట్టు ప్రాసెసర్‌కంటే లాభం.

లిక్విడ్ కూలర్ అడుగుతారు చాలామంది. అందులో పంపు ఉంటుంది, ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. గాలి కూలర్‌లో కదిలేది ఫ్యాన్ ఒక్కటే, అది పాడైనా మార్చుకోవడానికి చిల్లర ఖర్చు. మన అవసరాలకు గాలి కూలరే మేలు.

మదర్‌బోర్డు: కుండకు తగ్గ మూత

మూడు విషయాలు సరిపోవాలి. ప్రాసెసర్ సాకెట్, ర్యామ్ రకం, కేబినెట్‌లో పట్టే కొలత. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 బోర్డులో దూరదు, గాడి వేరే చోట ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ కొలత బోర్డు ఇంటికి చాలు. ధరా తక్కువ, కేబినెట్ కూడా చిన్నదవుతుంది. ఏఎమ్‌డీ 2022లో తెచ్చిన ఏఎమ్5 సాకెట్‌లో ఇప్పటికే ఒకటికంటే ఎక్కువ తరాల ప్రాసెసర్లు వచ్చాయి. అంటే నాలుగేళ్ళ తర్వాత బోర్డు మార్చకుండానే ప్రాసెసర్ మార్చుకునే అవకాశం ఉంటుంది. ప్రాసెసర్ మీద వేడి పడే చోట, అంటే సాకెట్ చుట్టూ ఉన్న విద్యుత్ భాగాల మీద, అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకోండి.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

ఇంటికి 16 జీబీ, ఉద్యోగ పనికి 32 జీబీ. ఒకే కడ్డీగా కాక రెండు కడ్డీలుగా కొంటే రెండు దారుల్లో సమాచారం పోతుంది. లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే అవి కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి పాత ధరల జాబితాలను పట్టుకుని బడ్జెట్ వేయకండి. కొనే రోజు ధర కనుక్కోండి.

డిస్క్‌గా 1 టీబీ ఎన్‌విఎమ్ఇ ఎస్ఎస్‌డీ మంచిది, లేదంటే 500 జీబీ అయినా సరే. రోజువారీ పనికి మధ్యతరగతి వేగం చాలు, అతి వేగమైనవి వేడెక్కుతాయి కూడా. ఊళ్ళో అమ్మానాన్నల ఫొటోలు, పిల్లల వీడియోలు ఒక్క ఎస్ఎస్‌డీలోనే ఉంచవద్దు. విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో నకలు పెట్టుకోండి. యంత్రాన్ని మళ్ళీ కొనుక్కోవచ్చు, వాటిని కొనలేం.

గ్రాఫిక్స్ కార్డు

మొదటి రెండు రకాల పనులకు దీని అవసరం లేదు. పిల్లలు గట్టిగా అడిగితే ముందు కార్డు లేకుండా యంత్రాన్ని కట్టి, కార్డు పట్టే చోటూ, దానికి సరిపడే 550 లేదా 650 వాట్ల ఎస్ఎంపీఎస్‌ ముందే పెట్టి ఉంచండి. పరీక్షలయ్యాక కొనిపెట్టవచ్చు. డెస్క్‌టాప్‌లో ఉన్న సుఖం ఇదే, లాప్‌టాప్‌లో ఈ వీలు ఉండదు.

పాత యంత్రం కొంటే?

వీసా ముగిసి వెళ్ళేవారు కంప్యూటర్లు చవగ్గా అమ్మేస్తుంటారు. అందులో మంచివీ ఉంటాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 ఎక్కుతుందో లేదో ముందు చూడండి. స్థూలంగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 వరస, ఆపై వాటికే అధికారికంగా ఎక్కుతుంది. టీపీఎమ్ 2.0 కూడా ఉండాలి. అంతకంటే పాతదైతే ఉబుంటు వంటి లినక్స్ వేసుకుని చదువుకు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఏది కొన్నా పక్క తలుపు తీయించి చూడండి. కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, లోహపు అంచుల్లో తుప్పు కనిపించినా బేరం మానుకోండి. ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తది వేయించండి.

బిల్లు, వారంటీ, ఇంటికి ప్రయాణం

షాపులో కట్టించుకున్నా సరే, బిల్లులో ప్రతి భాగం మోడల్ పేరు, సీరియల్ నంబరు విడిగా రాయించుకోండి. ‘కేబినెట్ విత్ ఎస్ఎంపీఎస్’ అని ఒకే వరసగా రాస్తే ఒప్పుకోకండి. రెండూ వేర్వేరు వస్తువులు, వేర్వేరు వారంటీలు. వారంటీ బహ్రెయిన్‌లో ఎవరిస్తారు, భారతదేశంలో చెల్లుతుందా అని కొనేముందే అడగండి. భాగాన్ని బట్టి, కంపెనీని బట్టి ఇది మారుతుంది.

ఇక్కడా మన దగ్గరా కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి యంత్రం నేరుగా పనిచేస్తుంది. ప్లగ్గు మాత్రం వేరు. ఇక్కడిది ఫ్యూజు ఉన్న మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ రకం. ఊళ్ళో గుండ్రటి పిన్నుల పవర్ కేబుల్ కొనుక్కుంటే చాలు. ఊళ్ళలో వోల్టేజీ హెచ్చుతగ్గులు ఎక్కువ కాబట్టి 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్ఎంపీఎస్ అక్కడా ఆదుకుంటుంది. యూపీఎస్ కొంటే ‘ప్యూర్ సైన్‌వేవ్’ రకం చూడండి. ప్రయాణానికి ముందు గ్రాఫిక్స్ కార్డునూ, బరువైన టవర్ కూలర్‌నూ విప్పి విడిగా సర్దండి. లేకపోతే కుదుపులకు బోర్డు పగలవచ్చు.

కీబోర్డు మీద అరబిక్ అక్షరాలున్నాయని దిగులు పడకండి. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ ఉన్నాయి. వేళ్ళకు అలవాటైతే మీటల మీద ఏం రాసుందన్నది లెక్కలోకి రాదు.

చివరగా నేను పాటించే లెక్క ఒకటి చెబుతాను. మానిటర్ మినహా మొత్తం బడ్జెట్‌ను వందగా అనుకుంటే, ఎస్ఎంపీఎస్, కేబినెట్, ఫ్యాన్లు, కూలర్ కలిపి కనీసం 25 పక్కన పెట్టండి. మిగిలిన 75లోనే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ చూసుకోండి. డబ్బు చాలకపోతే ప్రాసెసర్ ఒక మెట్టు దించండి. నాలుగేళ్ళ తర్వాత ప్రాసెసర్ పాతబడితే మార్చుకోవచ్చు. ఈ 25లో కొన్నవి మాత్రం ఆ తర్వాతి యంత్రంలో కూడా పనిచేస్తూనే ఉంటాయి.